మేడెక్కినా వైఫై తెగకుండా రెండు రౌటర్ల ఇంటిని ఎలా సర్దుకోవాలి

కింద హాల్లో ఒక రౌటర్, మేడ మీద ఇంకొకటి. రెండింటికీ డబ్బు పోశారు. అయినా అమెరికాలో ఉన్న అమ్మాయితో వీడియో కాల్ మాట్లాడుతూ మెట్లెక్కితే బొమ్మ బిగుసుకుపోతుంది. పై రౌటర్ పక్కనే నిలబడ్డా ఫోన్ మాత్రం కిందదాన్నే పట్టుకుని వేలాడుతుంది. వైఫై ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేస్తే అప్పటికి బాగుంటుంది, సాయంత్రానికి మళ్ళీ మొదలు. కోనసీమలోనూ, ఇటు పాలకొల్లు, భీమవరం వైపూ పెద్ద ఇళ్ళున్నవాళ్ళు చెప్పే బాధ ఇదే. చాలామంది దీనికి విరుగుడుగా ఇంకా ఎక్కువ పవర్ ఉన్న రౌటర్ కొంటున్నారు. దానివల్ల సమస్య ముదురుతుందే తప్ప తగ్గదు. డబ్బు ఖర్చు పెట్టే ముందు ఇక్కడ చెప్పిన వరుసలో చేసి చూడండి. చాలా ఇళ్ళల్లో ఉన్న సామానుతోనే పని అయిపోతుంది.

ముందుగా: నిర్ణయం ఎవరిది?

పాలకొల్లు నుంచి రాజోలు వెళ్తూ చించినాడ వంతెన మీద ఫోన్‌లో మాట్లాడుతూ ఉంటారు. దారిలో ఎక్కడో టవర్ మారుతుంది, మీకు తెలియను కూడా తెలియదు. మొబైల్ నెట్‌వర్క్‌లో మాట నడుస్తున్నప్పుడు, చుట్టూ ఉన్న టవర్లు తనకు ఎంత బాగా అందుతున్నాయో ఫోన్ కొలిచి చెబుతుంది. ఎప్పుడు, దేనికి మారాలో నెట్‌వర్కే ఆదేశిస్తుంది. వైఫైలో ఈ పద్ధతి లేదు. ఏ రౌటర్‌ని పట్టుకోవాలో, ఎప్పుడు వదలాలో ఫోనే తేల్చుకుంటుంది. రౌటర్ సలహా ఇవ్వగలదు, మరీ అయితే ఫోన్‌ని గెంటేయగలదు. అంతకుమించి దాని చేతిలో ఏమీ లేదు. కాబట్టి మనం చేయాల్సింది, ఫోన్ తనంతట తాను సరైన నిర్ణయం తీసుకునేలా ఇంట్లో పరిస్థితులు కుదర్చడం.

ఫోన్ రెండు అంచెల్లో ఆలోచిస్తుంది. మొదటి అంచెలో పేరు ఎంచుకుంటుంది. ప్రతి రౌటర్ సెకనుకు దాదాపు 10 సార్లు తన పేరు చాటుకుంటూ ఉంటుంది. ఫోన్ వాటిని విని, తనలో సేవ్ అయి ఉన్న పేర్లలో దేనికి ప్రాధాన్యం ఇవ్వాలో చూస్తుంది. మీరు ఈ మధ్య వాడినది ఏది, పాస్‌వర్డ్ ఉన్నదా లేనిదా, సిగ్నల్ ఎంత, ఇంటర్నెట్ నిజంగా వస్తోందా, ఇలాంటివన్నీ లెక్కలోకి వస్తాయి. రెండో అంచెలో, అదే పేరుతో ఇంట్లో రెండు మూడు పెట్టెలు ఉంటే వాటిలో దేన్ని పట్టుకోవాలో చూస్తుంది. ఒకసారి పట్టుకున్నాక సిగ్నల్ బాగా పడిపోయేదాకా వేరేదాని వైపు పెద్దగా చూడదు.

అలా చూడకపోవడానికి కారణం ఉంది. వేరే రౌటర్ల కోసం వెతకాలంటే ఫోన్ తాను ఉన్న ఛానెల్ (రౌటర్ మాట్లాడే రేడియో దారి) వదిలి మిగతా ఛానెళ్ళకు వెళ్ళి వినాలి. ఆ కాస్త సమయం మీ కాల్‌కి అంతరాయం, బ్యాటరీకి ఖర్చు. అందుకే అవసరం వచ్చేదాకా వెతకకుండా ఉండేలా కంపెనీలు తయారు చేస్తాయి.

ఆ "అవసరం" ఎప్పుడు వస్తుందన్నది ఒక అంకె మీద ఆధారపడి ఉంటుంది. సిగ్నల్‌ని డీబీఎం అనే కొలతలో, మైనస్ అంకెల్లో చెబుతారు. సున్నాకి దగ్గరయ్యేకొద్దీ బలం ఎక్కువ. రౌటర్ పక్కన నిలబడితే -35, -40 ఉంటుంది. -67 దాకా వీడియో కాల్ హాయిగా నడుస్తుంది. -80కి వచ్చేసరికి పేరు కనపడుతుంది గానీ పని జరగదు. ప్రతి 10 అంకెల తేడాకి బలం 10 రెట్లు మారుతుంది. అంటే -70 అనేది -50లో సగమో పావో కాదు, నూరో వంతు. ఐఫోన్లు -70 దాటి కిందికి పడినప్పుడు వేరే రౌటర్ కోసం వెతకడం మొదలుపెడతాయని యాపిల్ తన పత్రాల్లో చెబుతుంది. వెతికాక కూడా, డేటా నడుస్తుంటే కొత్తది పాతదానికంటే కనీసం 8 అంకెలు, ఖాళీగా ఉంటే 12 అంకెలు మెరుగ్గా ఉండాలి. ఆండ్రాయిడ్‌లో ఈ హద్దు ఫోన్‌నీ, అందులోని చిప్‌నీ బట్టి మారుతుంది. అందుకే ఒకే ఇంట్లో మీ ఫోన్ మారుతుంది, మీ ఆవిడ ఫోన్ మారదు.

కొలత లేకుండా ఏదీ కదపొద్దు

ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ నుంచి ఏదైనా వైఫై ఎనలైజర్ యాప్ వేసుకోండి. ఐఫోన్‌లో అయితే యాపిల్ వారి ఎయిర్‌పోర్ట్ యుటిలిటీ యాప్ తీసుకుని, ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్ కింద ఉన్న వైఫై స్కానర్ ఆన్ చేయాలి. రెండిట్లోనూ ఒక్కో పెట్టెకి వేరువేరు చిరునామా కనపడుతుంది, రెండేసి అక్షరాల చొప్పున ఆరు జంటలుగా. పేరు ఒకటే అయినా ఆ చిరునామాని బట్టి ఏది కిందది, ఏది పైదో తెలుస్తుంది. ఏది ఎవరిదో ముందే కాగితం మీద రాసుకోండి.

ఇప్పుడు ఇల్లంతా నడవండి. రోజూ మీరు ఫోన్ పట్టుకుని ఎక్కడెక్కడ తిరుగుతారో అక్కడే: వీధి అరుగు, హాలు, వంటగది గుమ్మం, మెట్ల మలుపు, మేడ మీద గది, పెరట్లో నుయ్యి దగ్గర. ప్రతిచోటా రెండు పెట్టెల అంకెలూ రాయండి. తలుపులు మామూలుగా ఎలా ఉంటాయో అలాగే ఉంచండి.

రాజోలు దగ్గర మా పిన్ని వాళ్ళ ఇంటిని ఉదాహరణగా చెప్తాను. పాత మండువా ఇల్లు, పక్కనే తర్వాత కట్టిన మేడ. "ఒరేయ్ అబ్బాయ్, మేడ మెట్లెక్కితే చాలు, వాడి మొహం బిగుసుకుపోతోందిరా" అని ఆవిడ ఫిర్యాదు. వీడియో కాల్‌లో మాట్లాడే కొడుకు పంపిన ఐఫోన్ అది. కింద రౌటర్ మండువా స్తంభానికి ఎత్తుగా బిగించారు. మేడ వరండాలోకి వెళ్ళి చూస్తే పై రౌటర్ -50, కిందది -69. మండువా మీద కప్పు లేదు కదా, అడ్డేమీ లేక కింది సిగ్నల్ ఆ ఆకాశం దారినే నేరుగా మేడ వరండాకి వస్తోంది. -69 అంటే ఐఫోన్ హద్దుకి ఒక్క అంకె ఇవతల. వెతకాల్సిన అవసరం వచ్చిందని ఫోన్‌కి అనిపించడమే లేదు. పక్కన దానికంటే దాదాపు 80 రెట్లు బలమైన సిగ్నల్ ఉన్నా అది చూడదు.

మరి -69 మరీ అంత చెడ్డదేం కాదు కదా, కాల్ ఎందుకు ఆగుతుంది? ఫోన్ మీద కనపడే గీతలు రౌటర్ మాట మీకు ఎంత వినపడుతోందో చెబుతాయి, మీ మాట రౌటర్‌కి ఎంత వినపడుతోందో చెప్పవు. కాలువ అవతలి గుడి మైకులో పిలుపు మీకు స్పష్టంగా వినపడుతుంది, మీరు గట్టిగా "వస్తున్నా" అన్నా అక్కడికి చేరదు. రౌటర్‌కి గోడ కరెంటు ఉంది, పెద్ద యాంటెనాలు ఉన్నాయి. ఫోన్‌కి ఉన్నది చిన్న బ్యాటరీ. వీడియో కాల్‌లో మీ బొమ్మ కూడా వెళ్ళాలి కాబట్టి ముందు దెబ్బతినేది ఆ దారే. ఎక్కువ పవర్ రౌటర్ కొంటే సమస్య ముదురుతుందని మొదట్లో అన్నది ఇందుకే. మైకు ఇంకా దూరం వినపడుతుంది, ఫోన్ ఇంకా ఆలస్యంగా వదులుతుంది, మీ గొంతు మాత్రం పెరగదు.

పిన్ని వాళ్ళింట్లో కొత్తగా కొన్నది ఏమీ లేదు. కింది రౌటర్‌ని స్తంభం మీద నుంచి తీసి హాల్లోపలి గోడకి పెట్టాం, దాని పవర్ ఒక మెట్టు తగ్గించాం. మేడ వరండాలో కింది సిగ్నల్ -78కి పడిపోయింది. మెట్ల మలుపులోనే ఫోన్ పైదానికి మారిపోతోంది. హాల్లో, వంటింట్లో మాత్రం ఏ లోటూ రాలేదు.

రెండు పెట్టెల్నీ ఒకే ఇల్లుగా చేయడం

కొలతలయ్యాక రౌటర్ల సంగతి. ఇక్కడ పొరపాటు ఉంటే పవర్ ఎంత సర్దినా ఉపయోగం లేదు.

పేరు రెండింటికీ ఒకటే ఉండాలి, అక్షరం తేడా లేకుండా. చివర్లో ఖాళీ ఉన్నా, పెద్ద అక్షరం బదులు చిన్న అక్షరం ఉన్నా ఫోన్ దృష్టిలో అవి వేరు పేర్లు. పాస్‌వర్డ్ ఒకటే, సెక్యూరిటీ రకం కూడా ఒకటే. ఒకదానిలో డబ్ల్యూపీఏ2, రెండోదానిలో డబ్ల్యూపీఏ3 పెడితే కొన్ని ఫోన్లు తడబడతాయి. కింద ఒక పేరు, పైన అదే పేరుకి చివర 2 తగిలించి వదిలేసిన ఇళ్ళు చాలా ఉన్నాయి. అలా ఉంటే ఫోన్‌కి అవి రెండు పరాయి ఇళ్ళు. ఒకటి పూర్తిగా పోయేదాకా రెండోదానికి వెళ్ళదు.

రెండో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి, అంటే సొంత నెట్‌వర్క్ పెట్టకుండా కిందిదాని నెట్‌వర్క్‌నే పంచేలా. ఇది అన్నిటికంటే ముఖ్యం, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. రౌటర్ మోడ్‌లోనే ఉంటే పైన వేరే నెట్‌వర్క్ తయారవుతుంది. మేడ ఎక్కగానే ఫోన్‌కి కొత్త ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) వస్తుంది, నడుస్తున్న కాల్ తెగుతుంది. సెట్టింగ్స్‌లో ఆ మోడ్ లేని పాత రౌటర్ అయితే ముందు దాన్ని విడిగా పెట్టి, దాని సొంత అడ్రస్ మార్చండి (కిందది 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2). తర్వాత ఐపీ అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీని ఆపేయండి. అప్పుడు కింది నుంచి వచ్చే కేబుల్‌ని వాన్ పోర్టులో (బయటి నెట్ కోసం ఉన్నది) కాకుండా ఏదో ఒక లాన్ పోర్టులో (ఇంట్లోని పరికరాల కోసం ఉన్నది) గుచ్చండి. ఇంట్లో ఐపీ అడ్రస్‌లు పంచేది ఒక్కటే పెట్టె ఉండాలి. ఫైబర్ కనెక్షన్ ఇచ్చిన పెట్టెలోనే వైఫై కూడా ఉంటుందని మర్చిపోకండి. దాని పక్కనే మీ రౌటర్ కూడా ఉంటే, రెండిట్లో ఒకదాని వైఫై ఆపేయడం మంచిది.

రెండింటి మధ్యా కేబులే వేయండి. కొంచెం గోడ తొలవాలి, పైపు దించాలి, అయినా వేయండి. గాలిలోనే సిగ్నల్ అందుకుని మళ్ళీ పంచే రిపీటర్ ఒకే రేడియోతో రెండు పనులూ చేస్తే వేగం సగానికి పడిపోతుంది. కేబుల్ వేసే వీలే లేకపోతే అప్పుడు రిపీటరో, మెష్ సెట్టో (ఒకదానితో ఒకటి కలిసి పనిచేసే పెట్టెల జత) పెట్టుకోండి. దాన్ని సిగ్నల్ అందని గదిలో మాత్రం పెట్టకూడదు. సిగ్నల్ ఇంకా -60, -65 ఉన్న మధ్య చోటులో పెట్టాలి. తనకే అందనిది అది మీకేం ఇస్తుంది?

ఇక ఛానెళ్ళు. ఇప్పటి రౌటర్లు చాలావరకు 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు రేడియో పట్టీల్లో పనిచేస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి తగలకుండా ఉండేవి 1, 6, 11. కిందకి 1, పైకి 6 ఇచ్చి, యాప్‌లో పక్కింటివాళ్ళవి ఎక్కడున్నాయో చూసి సర్దండి. ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దాటనివ్వకండి. 5 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికి 36, ఇంకొకదానికి 149 ఇస్తే గొడవ ఉండదు.

2.4కీ 5కీ ఒకే పేరు పెట్టాలా, వేరుగానా అని అడుగుతారు. రెండు పెట్టెలున్న ఇంట్లో ఒకే పేరే నా ఓటు. 5 గిగాహెర్ట్జ్ గోడ తగిలితే త్వరగా నీరసిస్తుంది. దాన్ని లోపంగా చూస్తారు గానీ, ఫోన్ సకాలంలో పాతదాన్ని వదలడానికి అదే మనకు సాయం. 2.4 పవర్‌ని 5 కంటే తక్కువగా పెడితే ఫోన్ సహజంగానే 5 వైపు మొగ్గుతుంది. పాత ప్రింటర్, పాత సీసీ కెమెరా లాంటివి చాలావరకు 2.4 మాత్రమే అందుకుంటాయి కాబట్టి, వాటికోసం వేరే పేరుతో ఒక 2.4 నెట్‌వర్క్ ఉంచుకోండి.

పవర్ తగ్గించే చోటు సెట్టింగ్స్‌లో ట్రాన్స్‌మిట్ పవర్ అని ఉంటుంది. హై, మీడియం, లో అనో, శాతాల్లోనో ఇస్తారు. ఒక్కసారే కిందికి దించేయకండి. ఒక మెట్టు తగ్గించడం, మళ్ళీ నడిచి కొలవడం. ఒక రౌటర్ -67 దగ్గరికి వచ్చే చోట రెండోది -58 లేదా అంతకంటే బలంగా అందుతుంటే సరిపోయినట్టే.

మీ రౌటర్లలో 802.11కే, 802.11వీ అని కనపడితే రెండూ ఆన్ చేయండి. మొదటిది చుట్టుపక్కల ఏ పెట్టెలున్నాయో ఫోన్‌కి జాబితా ఇస్తుంది, దాంతో అన్ని ఛానెళ్ళూ వెతికే పని తప్పుతుంది. రెండోది, ఫలానాదానికి మారితే మంచిదని సలహా చెబుతుంది. 802.11ఆర్ అనేది మారేటప్పుడు ఫోన్‌కీ రౌటర్‌కీ మధ్య జరిగే భద్రతా తాళాల మార్పిడిని తొందర చేస్తుంది. ఆఫీసు తరహా లాగిన్లలో దీని లాభం బాగా తెలుస్తుంది. మామూలు పాస్‌వర్డ్ ఇంట్లో తేడా తక్కువ, పైగా కొన్ని పాత పరికరాలు దీనితో కనెక్ట్ అవ్వవు. టెన్షన్ పడకుండా ఆపే ఉంచుకోవచ్చు.

ఎక్కడ పెట్టాలి

మన ఇళ్ళ గోడలు లావు. పాత మండువా గోడ ఒకటి దాటేసరికే 5 గిగాహెర్ట్జ్ సగం ప్రాణం పోతుంది. ఇనుప చువ్వలున్న శ్లాబు ఇంకా గట్టిది. కింద రౌటర్, సరిగ్గా దాని పైనే రెండో రౌటర్ పెడతారు కొందరు. అలా కాకుండా కిందది వీధి వైపు ఉంటే పైది పెరటి వైపు పెట్టండి, రెండు వైపులా అందుతుంది. ఇనుప బీరువా పక్కన, ఫ్రిజ్ మీద, నీళ్ళ ట్యాంకు ఆనుకుని పెట్టకండి. ఇనుము తిప్పికొడుతుంది, నీళ్ళు మింగేస్తాయి. మండువా ఉన్నవాళ్ళు ఆ ఖాళీ జాగాని కావాలనే వాడుకోవచ్చు. మొత్తం ఇంటికి ఒక్కటే రౌటర్ అయితే మండువా వైపు చూసేలా పెట్టడం కంటే మంచి చోటు లేదు, చుట్టూ గదులన్నిటికీ అందుతుంది. రెండున్నప్పుడే పిన్ని ఇంట్లోలా చిక్కు వస్తుంది.

ఫోన్ వైపు చేయాల్సినవి

సేవ్ అయి ఉన్న పాత పేర్లు తీసేయండి. పెళ్ళికి వెళ్ళిన ఫంక్షన్ హాలు, లాడ్జి, బస్టాండు, పక్కింటివాళ్ళు ఎప్పుడో ఇచ్చిన పాస్‌వర్డ్. ముఖ్యంగా పాస్‌వర్డ్ లేనివి. ఫోన్ గుర్తుపట్టేది పేరునే కాబట్టి, అదే పేరు ఎవరు పెట్టినా తగులుకునే ప్రమాదం ఉంది. తీసేయడం ఇష్టం లేకపోతే ఆ పేరు లోపల ఆటో కనెక్ట్ ఆపేయండి.

గోడ దాటి పెరట్లోకి వెళ్ళగానే నెట్ ఆగిపోయి, కాసేపటికి మొబైల్ డేటా అందుకుంటోందా? ఆండ్రాయిడ్‌లో వైఫై బలహీనంగా ఉన్నప్పుడు మొబైల్ డేటాకి మారే సదుపాయం ఉంటుంది. శామ్‌సంగ్‌లో ఇంటెలిజెంట్ వైఫై కింద చూడండి. ఐఫోన్‌లో మొబైల్ డేటా పేజీ అట్టడుగున వైఫై అసిస్ట్ అని ఉంటుంది. డేటా ప్యాక్ దండిగా ఉంటే ఆన్ చేయండి, లేకపోతే ఆపండి. మామూలు కాల్స్ ఇంట్లో సరిగ్గా రాని చోట వైఫై కాలింగ్ ఆన్ చేసుకుంటే మేలు. కాల్ మధ్యలో గుమ్మం దాటితే అది 4జీ మీదికి మారాలి కాబట్టి సిమ్‌లో వోల్టీ (4జీ మీదే కాల్ నడిపే సదుపాయం) కూడా ఆన్‌లో ఉండాలి.

ఇంకొకటి, కరెంటు. పై రౌటర్ ఇన్వర్టర్ లైను మీద, ఫైబర్ పెట్టె మామూలు లైను మీద ఉంటే, కరెంటు పోయినప్పుడు పేరు కనపడుతూనే ఉంటుంది, నెట్ ఉండదు. ఫోన్ "కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు" అంటూ అక్కడే కూర్చుంటుంది. ఫైబర్ పెట్టె, రెండు రౌటర్లు, మధ్యలో స్విచ్ ఉంటే అదీ, అన్నీ బ్యాకప్ మీదే ఉండాలి. రౌటర్‌కి చిన్న యూపీఎస్ కొంటే అడాప్టర్ మీద రాసి ఉన్న ఓల్టులు, ఆంపియర్లు చూసి కొనండి.

చెరువు గట్టుకి వైఫై

రొయ్యల చెరువు షెడ్డులో కెమెరాకి, ఏరేటర్లు చూసుకునే మనిషి ఫోన్‌కి నెట్ కావాలని అడిగేవాళ్ళు పెరిగారు. "ఆయ్, తోట దాటితే పోద్దండీ" అంటారు, నిజమే. కొబ్బరి తోట చూడ్డానికి ఖాళీగా ఉంటుంది గానీ మట్టల నిండా నీరే. వానలో తడిస్తే సిగ్నల్ ఇంకా పడిపోతుంది. ఇంటి రౌటర్ పవర్ పెంచి చెరువుకి అందించాలని చూడకండి. షెడ్డులో వేరే యాక్సెస్ పాయింట్ పెట్టి, అదే పేరు, అదే పాస్‌వర్డ్ ఇవ్వండి.

ఇంటి నుంచి షెడ్డు దాకా లాన్ కేబుల్ వేస్తామంటారు. దానికి హద్దు 100 మీటర్లు. అంతకంటే పెద్ద భయం పిడుగు. ఆరుబయట రాగి తీగ లాగితే, పిడుగు దగ్గర్లో ఎక్కడ పడినా ఆ వేటు కేబుల్ వెంట వచ్చి రెండు చివర్ల సామానూ పాడుచేయగలదు. ఫైబర్ వేయించి, రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ని లాన్ కేబుల్‌కి కలిపే పెట్టెలు) పెట్టించండి. గాజు తీగలో కరెంటు పారదు. కేబుల్‌లో ఇనుప తీగ ఆధారం ఉంటే దాన్ని పెట్టె దాకా తీసుకురాకుండా బయటే ఆపించండి. సముద్రం దగ్గరి గాలిలో ఉప్పు ఉంటుంది కాబట్టి షెడ్డులో పెట్టేది బయట వాడకానికి తయారైనదే కొనండి. కేబుల్ పెట్టెలోకి పైనుంచి దిగకూడదు. ఒక వంపు కిందికి తిప్పి, అడుగు నుంచి లోపలికి పోనివ్వండి, వాన నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.